ఉప్పుగాలికి నిలిచే ఆఫ్‌గ్రిడ్ సోలార్: చెరువు గట్టు షెడ్డుకి ఎలా, బోటుకి ఎలా?

చెరువుగట్టు
అందరికీ నమస్కారమండి. కాకినాడ పక్కన ఉప్పాడ వైపు, సముద్రానికి 300 మీటర్ల లోపే, రొయ్యల చెరువు గట్టు మీద కావలి షెడ్డు ఉంది. ఏరేటర్లకి (చెరువు నీటికి గాలి అందించే యంత్రాలకి) కరెంటు లైను, జనరేటరు ఉన్నాయి. షెడ్డుకి మాత్రం లైనుతో పనిలేకుండా సోలార్ కావాలి. గాలివాన వచ్చినప్పుడే లైను పోతుంది, కెమెరాలూ లైట్లూ కావాల్సిందీ అప్పుడే.

లోడు ఇది: బయట 9 వాట్ల ఎల్‌ఈడీలు రెండు, రాత్రంతా. లోపల అలాంటివే రెండు, 5 గంటలు. 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే) ఫ్యాను 12 గంటలు. 6 వాట్ల కెమెరాలు రెండు, 8 వాట్ల 4జీ రౌటరు, ఇవి 24 గంటలూ. కొంచెం ఫోన్ ఛార్జింగ్.

అడగాల్సినవి మూడు. ఒకటి, షెడ్డులో ఉన్న ఇన్వర్టరు బోర్డు రెండేళ్లకే పచ్చగా చిలుము పట్టి పోయింది. గోడ లోపలే ఉంది, వాన చినుకు కూడా పడలేదు. ఎందుకలా? రెండు, ట్యూబులర్ (నీళ్లు పోసే లెడ్ యాసిడ్) బ్యాటరీయా, లిథియమా? మూడు, ఏరేటర్లు కూడా సోలార్ బ్యాటరీ మీదే నడుస్తాయని ఒకరు కొటేషన్ ఇచ్చారు, నమ్మొచ్చా? తమ్ముడి బోటుకి కూడా ఇలాంటిదే కావాలి, బోటు పని తెలిసినవాళ్లు చెప్పగలరు.

తీరగాలి
మొదటి ప్రశ్న తేలితే మిగతావి సగం తేలినట్టే. బోర్డుని తిన్నది గాలిలో వచ్చిన ఉప్పు. కెరటం విరిగినప్పుడు లేచే తుంపర ఆరిపోయి సన్నటి ఉప్పు రేణువుగా గాలిలో తేలుతూ కొన్ని కిలోమీటర్ల లోపలికి కూడా వస్తుంది. పొడిగా ఉన్నంతసేపూ ఆ ఉప్పు పెద్దగా ఏమీ చేయదు. గాలిలో తేమ 75 శాతం దాటగానే మామూలు ఉప్పు తేమని పీల్చుకుని తనంతట తానే నీరవుతుంది. మన తీరంలో రాత్రిళ్లు తేమ దాదాపు ఎప్పుడూ అంతకంటే ఎక్కువే. అంటే బోర్డు మీద పేరుకున్న ఉప్పు రోజూ రాత్రి కరిగి, కరెంటు పారే తడి పొరగా మారుతోంది. రెండు రాగి దారుల మధ్య ఓల్టేజీ ఉంటుంది కాబట్టి వాటి మధ్య లీకేజీ, ఆ లీకేజీ వల్ల రాగి కరగడం, పచ్చ చిలుము.

ఆ ఉప్పుని లోపలికి లాగింది ఇన్వర్టరు ఫ్యానే. ఫ్యాను తిరిగిన ప్రతి గంటా బోర్డు మీదికి ఉప్పుగాలి ఊదుతూనే ఉంటుంది. తీరంలో కొనే ఏ కరెంటు సామానుకైనా మొదట చూడాల్సింది లోపల ఫ్యాను ఉందా లేదా అన్నది. వెనక అల్యూమినియం రెక్కలతో, ఫ్యాను లేకుండా చల్లబడే కంట్రోలర్లు (ప్యానెల్ కరెంటుని బ్యాటరీకి తగినట్టు ఇచ్చేవి) దొరుకుతాయి. బోర్డు మీద కన్‌ఫార్మల్ కోటింగ్ అనే వార్నిష్ పొర ఉందేమో అడగండి, లేదా బోర్డు మొత్తం రెజిన్‌లో ముంచి పోత పోసినది తీసుకోండి.

మీ లోడు లెక్క: బయట లైట్లు 216, లోపలివి 90, ఫ్యాను 360, కెమెరాలు 288, రౌటరు 192, ఫోన్లు 40. మొత్తం 1186, అంటే రోజుకి సుమారు 1200 వాట్ అవర్లు. వీటిలో 230 ఓల్టులు తప్పనిసరిగా కావాల్సినది ఒక్కటీ లేదు. కెమెరా, రౌటరు 12 ఓల్టుల డీసీవే. డీసీ బల్బులు, డీసీ ఫ్యాను మార్కెట్లో ఉన్నాయి. చిన్న ఇన్వర్టరు ఖాళీగా ఆన్‌లో ఉన్నా 15-20 వాట్లు తింటుంది, రోజుకి 360 నుంచి 480. మీ ఫ్యాను తినేంత అది ఊరికే తినేస్తుంది. ఇన్వర్టరునే తీసేయండి. పాడయ్యే వస్తువు ఒకటి తగ్గుతుంది కూడా.

ఉక్కునగరం
తీరగాలి గారు చెప్పినదానికి కొనసాగింపుగా బ్యాటరీ, ప్యానెల్ సైజులు చెప్తాను.

24 ఓల్టుల సిస్టమ్ పెట్టండి. బ్యాటరీ 25.6 ఓల్టులు, 100 ఆంపియర్ అవర్లు, లిథియం ఐరన్ ఫాస్ఫేట్. లోపల 2560 వాట్ అవర్లు ఉంటాయి, 80 శాతం వాడుకుంటే 2048. మామూలు రోజుల లోడుకి ఒకటిన్నర రోజు దాటి వస్తుంది. తుఫాను మబ్బులో ఫ్యాను, లోపలి లైట్లు ఆపేసి బయట ఒక్క లైటు, కెమెరాలు, రౌటరు, ఫోన్లు మాత్రమే ఉంచితే రోజుకి 628. అప్పుడు ఎండ బొత్తిగా లేకపోయినా మూడు రోజులు దాటుతుంది. అందుకే వైరింగ్ మొదటి నుంచే రెండు సర్క్యూట్లుగా లాగండి: తప్పనిసరివి ఒకటి, ఆపగలిగేవి ఒకటి. ఆపగలిగే సర్క్యూట్‌ని కంట్రోలర్ లోడ్ టెర్మినల్ నుంచి ఇచ్చి, 25.6 ఓల్టుల దగ్గర కట్ అయ్యేలా సెట్ చేస్తే గట్టు మీద ఎవరూ లేకపోయినా దానంతట అదే ఆగుతుంది.

ప్యానెల్ దగ్గర చాలామంది పొరపడేది ఏడాది సగటు ఎండతో లెక్కేయడం. మన కోస్తాలో ఏడాది సగటు రోజుకి 5 పీక్ అవర్ల (నిండు ఎండకి సమానమైన గంటల) దరిదాపు. వాన నెలల్లో 4కి పడుతుంది, ముసురులో ఇంకా కిందికి. 1200ని 4తో, నష్టాల కోసం మళ్లీ 0.7తో భాగిస్తే 430 వాట్లు. అది రోజు గడవడానికే. ఖాళీ అయిన బ్యాటరీ రెండు మంచి ఎండ రోజుల్లో నిండాలంటే 650-700 వాట్లు ఉండాలి. 330 వాట్లవి రెండు పెట్టండి.

540 వాట్లది ఒకటి పెడితే సరిపోదా అని అడుగుతారు. దాని వైశాల్యం రెండున్నర చదరపు మీటర్ల పైన. తీరంలో పెద్ద ప్యానెల్ గాలికి పెద్ద తెరచాప. చిన్నవి నయం. ఇద్దరు మనుషులు సులువుగా దింపగలరు కూడా.

రెండు ప్యానెళ్లనీ పారలల్‌లో కలపండి. 72 సెల్స్ ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ (లోడు లేనప్పటి) ఓల్టేజీ 46 దగ్గర ఉంటుంది. సిరీస్ చేస్తే 92. చలి తెల్లవారుజామున 15 డిగ్రీలకి పడితే ఇంకో 3 శాతం పెరిగి 95. 100 ఓల్టుల కంట్రోలరుకి అది మరీ అంచు. పారలల్‌లో 46 ఓల్టులు, 100 ఓల్టులు/30 ఆంపియర్ల ఎంపీపీటీ (ప్యానెల్ నుంచి గరిష్ట శక్తి లాగే రకం కంట్రోలరు) హాయిగా మోస్తుంది. దిశ దక్షిణం, వాలు 15 నుంచి 17 డిగ్రీలు.

పాతమేస్త్రి
లిథియం అని అందరూ అంటున్నారు గానీ, ట్యూబులర్‌ని అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. నీళ్లు పోయడం ఏ ఊరి మెకానిక్‌కైనా వచ్చు. లోపల ఎలక్ట్రానిక్ బోర్డు లేదు, ఉప్పుకి పాడవడానికి. పాత బ్యాటరీకి తిరిగి డబ్బు వస్తుంది. 12 ఓల్టులు, 150 ఆంపియర్ అవర్లవి రెండు సిరీస్ చేసి సగం వరకే వాడితే 1800 వాట్ అవర్లు వస్తుంది. మీ లిథియానికి దగ్గర దగ్గరే.

ఉక్కునగరం
మేస్త్రి గారూ, షెడ్డు వరకైతే ఒప్పుకుంటాను, కొన్ని షరతులతో. ట్యూబులర్ ఛార్జింగ్‌లో 15-20 శాతం వృథా, కాబట్టి ఇంకో ప్యానెల్ కావాలి. గ్యాసు వస్తుంది కాబట్టి మూత పెట్టిన పెట్టెలో కంట్రోలరుతో కలిపి ఉంచకూడదు. ఆ యాసిడ్ ఆవిరీ ఉప్పూ కలిస్తే టెర్మినళ్ల మీద నీలం-తెలుపు పిండి పేరుకునే వేగం పెరుగుతుంది.

ఇక ముసురు పట్టి వారం రోజులు సగం ఛార్జిలోనే ఉండిపోతే ప్లేట్లకి సల్ఫేషన్ (గట్టి సల్ఫేటు పొర పట్టి సామర్థ్యం పోవడం) వస్తుంది. లిథియానికి సగం ఛార్జిలో ఉండటం వల్ల నష్టం లేదు. తీరంలో ఆఫ్‌గ్రిడ్ బ్యాటరీ బతుకంతా అక్టోబరు, నవంబరు నెలల్లో తేలుతుంది, అందుకే నా ఓటు దానికి.

మీరన్న బోర్డు సంగతి మాత్రం నిజం. లిథియం కొనేటప్పుడు పౌడర్ కోటింగ్ ఇనుప డబ్బాలో, కమ్యూనికేషన్ పోర్టులు తెరిచి ఉన్న ర్యాక్ మోడల్ వద్దు. ఏబీఎస్ ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసిన, ఐపీ65 (దుమ్ము, నీటి ధార చొరబడని రేటింగ్) పైన ఉన్నది అడగండి. కంట్రోలర్‌లో 28.4 ఓల్టులకి అబ్జార్ప్షన్ (బ్యాటరీ నింపే దశ), 27కి ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే దశ), ఈక్వలైజేషన్ (లెడ్ యాసిడ్‌కి ఇచ్చే అదనపు ఛార్జి) ఆఫ్. లెడ్ యాసిడ్ సెట్టింగ్‌లోనే వదిలేస్తే ఈక్వలైజ్ ఓల్టేజీకి బీఎంఎస్ (బ్యాటరీ లోపలి రక్షణ బోర్డు) కట్ చేస్తుంది, కంట్రోలరు ఒక్కసారిగా బ్యాటరీ లేకుండా మిగులుతుంది, దానికి కలిపి ఉన్న వైర్ల మీద ఓల్టేజీ ఎగిరి రౌటరు పోతుంది.

చెరువుగట్టు
చాలా స్పష్టంగా ఉందండి. మరి పెట్టె? ఐపీ65 డబ్బాలో కంట్రోలరు పెట్టి సిలికాన్‌తో చుట్టూ మూసేస్తే చాలా?

డీసీ వైరింగ్
మూసేస్తే ఇంకా చెడుతుంది. ఎందుకో చూడండి. పగలు ఎండకి పెట్టె లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఏదో ఒక గ్లాండ్ (పెట్టెలోకి వైరు దూరే చోట బిగించే బిగింపు) సందులోంచి బయటికి పోతుంది. సాయంత్రం వాన పడి పెట్టె ఒక్కసారిగా చల్లబడగానే లోపల ఒత్తిడి తగ్గి, అదే సందులోంచి లోపలికి పీలుస్తుంది. ఆ సమయానికి గ్లాండ్ చుట్టూ ఉన్నది వాననీరు. రోజుకో చుక్క చొప్పున పెట్టె అడుగున నీళ్లు చేరతాయి, బయటికి పోవు. "సీల్ చేశాం, అయినా నీళ్లెలా వచ్చాయో" అనేవాళ్ల పెట్టెలన్నీ ఇలాగే నిండుతాయి.

దానికి మందు బ్రీదర్ ప్లగ్గు. లోపల సన్నటి పొర ఉంటుంది, గాలిని వదులుతుంది, నీటిచుక్కని ఆపుతుంది. 12 మిల్లీమీటర్ల మర సైజులో దొరుకుతుంది. పెట్టె అడుగు భాగంలో ఒకటి బిగించండి. గ్లాండ్లన్నీ కూడా అడుగునే. పై ముఖానికి, పక్కలకి ఒక్క రంధ్రం కూడా వద్దు. వైరు నేరుగా గ్లాండ్‌లోకి దిగకుండా, ముందు కిందికి వంగి మళ్లీ పైకి లేచి వెళ్లాలి, నీటిచుక్క ఆ వంపు దగ్గర రాలిపోతుంది. ఒక గ్లాండ్‌లో రెండు వైర్లు దూర్చకండి, మధ్య సందు మూసుకోదు.

పెట్టె పాలీకార్బొనేట్ లేదా ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్ కలిపిన ప్లాస్టిక్). పౌడర్ కోటింగ్ ఇనుప పెట్టె అయితే రంధ్రం చేసిన అంచు నుంచే తుప్పు మొదలై, పెయింటు కింద పాకి పొరలు పొరలుగా లేస్తుంది. లోపల 200 గ్రాముల సిలికా జెల్ సంచి, రంగు మారేది. రంగు మారితే ఆరబెట్టి మళ్లీ పెట్టండి. ఒక్క నెలలోనే రంగు మారిపోతోందంటే ఏదో గ్లాండ్ సరిగ్గా పట్టలేదని అర్థం.

పెట్టెని షెడ్డు ఉత్తరపు గోడకి, నీడలో, నేలకి మీటరున్నర పైన, గోడకి 5 సెంటీమీటర్ల ఎడంగా బిగించండి. లిథియం 45 డిగ్రీలు దాటిన వేడిలో రోజూ ఉంటే ఆయుష్షు పోతుంది. రేకు షెడ్డు లోపల మే నెలలో అంతకంటే ఎక్కువే ఉండొచ్చు, కాబట్టి బ్యాటరీని రేకుకి దగ్గరగా అటక మీద పెట్టకండి.

ఇక జాయింట్లు. తీరంలో సిస్టమ్ ఆగిపోయిందంటే ప్యానెల్, బ్యాటరీ కంటే ముందు జాయింటునే అనుమానించాలి. వైరు కొనేటప్పుడు కొన ఒక అంగుళం ఒలిచి చూడండి. తీగలు వెండిలా తెల్లగా ఉంటే తగరం పూత ఉన్న రాగి, అదే కావాలి. ఎర్రగా ఉంటే ఉత్త రాగి. ఉత్త రాగికి తేమ ఇన్సులేషన్ లోపల నుంచి పాకి, బయటికి కొత్తగా కనిపించే వైరులో కొన్ని అంగుళాల దాకా తీగలు నల్లబడి పిండైపోతాయి. కొన కత్తిరించి మళ్లీ ఒలిచినా నలుపే వస్తుంటే ఆ వైరు మార్చేయాల్సిందే, కొత్త లగ్గు (వైరు కొనకి నొక్కే లోహపు తొడుగు) వేసి లాభం లేదు.

లగ్గు కూడా తగరం పూతదే. కటింగ్ ప్లేయరుతో నొక్కొద్దు, హెక్స్ క్రింపింగ్ టూల్‌తో నొక్కాలి. దాని మీద లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ స్లీవు, లగ్గు మెడ నుంచి ఇన్సులేషన్ మీదికి 2 సెంటీమీటర్లు వచ్చేలా. వేడి చేసినప్పుడు రెండు చివర్లలో జిగురు సన్నగా బయటికి ఊరాలి. ఊరలేదంటే సీల్ పడలేదు.

ప్యానెల్ వైర్లని కలిపే ఎంసీ4 కనెక్టర్లు: ఆడ, మగ రెండూ ఒకే కంపెనీవి కావాలి. చూడ్డానికి ఒకేలా ఉండి టిక్‌మని పట్టుకున్నా లోపలి కొలతలు, లోహపు పూత వేరు. ఉప్పుగాలిలో ఆ చిన్న తేడా వల్లే కాంటాక్ట్ వేడెక్కి కరిగిపోతుంది. కనెక్టర్లు ప్యానెల్ ఫ్రేము అడుగున వేలాడకుండా పైకి కట్టేయాలి, నీళ్లు నిలిచే చోట పడి ఉండకూడదు.

ఉక్కునగరం
స్ట్రక్చరు సంగతి నేను చెప్తాను, ఇక్కడ పొదుపు చేస్తే అంతా పోతుంది.

ఐఎస్ 875 (కట్టడాల మీద పడే భారాలకి భారతీయ ప్రమాణం) మూడో భాగం మన కోస్తాకి ఇచ్చిన బేసిక్ గాలివేగం సెకనుకి 50 మీటర్లు, గంటకి 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ ఆ స్థాయిదే. ఆ వేగానికి ఒత్తిడి చదరపు మీటరుకి 1500 న్యూటన్లు. మీ రెండు ప్యానెళ్లు కలిపి 3.9 చదరపు మీటర్లు. వాలు ప్యానెల్ కింద నుంచి ఎత్తే గాలికి 1.3 గుణకం వేస్తే సుమారు 7600 న్యూటన్లు, అంటే 770 కిలోలు పైకి లాగుతున్నట్టు.

నాలుగు కాళ్లకీ 45×45×90 సెంటీమీటర్ల కాంక్రీటు దిమ్మ వేస్తే ఒక్కోటి 435 కిలోల పైచిలుకు. నాలుగూ కలిపి 1750 కిలోలు, చాలా ఎక్కువ అనిపిస్తుంది. కానీ చెరువు గట్టు వానాకాలంలో నీరు నానిన మట్టి. నీళ్లలో ఉన్న కాంక్రీటు తన బరువులో నీటి బరువంత కోల్పోతుంది. అప్పుడు మిగిలేది 1020 కిలోలే. 770కి ఎదురుగా 1020, అంతే మిగులు. దిమ్మలు దీనికంటే చిన్నవి చేయకండి.

ప్యానెల్ వెనక వైపు 2400 పాస్కల్ అని డేటా షీటులో కనిపిస్తుంది. అది టెస్టు లోడు, అందులో ఒకటిన్నర రెట్ల సేఫ్టీ కలిసే ఉంటుంది. నిజంగా లెక్కకి వచ్చేది 1600. 1500 ఒత్తిడికి, ఆపైన గుణకానికి అది చాలదు. అందుకే మిడ్ క్లాంపులు వద్దు, ఫ్రేముకి కంపెనీ చేసిన రంధ్రాల్లోంచే బోల్టులు వేయండి, అడుగున మూడు అడ్డ పట్టీలు ఇవ్వండి. ఆపైన, తుఫాను హెచ్చరిక రాగానే ప్యానెళ్లు దింపేయడానికి వీలుగా పెట్టుకోండి. వాతావరణ శాఖ హెచ్చరిక రెండు మూడు రోజుల ముందే వస్తుంది. ఎనిమిది నట్లు విప్పితే పని అయిపోతుంది. ముందు పీవీ ఐసోలేటర్ (ప్యానెల్ వైపు స్విచ్చు) ఆపి, ఆ తర్వాతే ఎంసీ4 ఊడదీయాలి, లోడు మీద ఊడదీస్తే ఆర్క్ వచ్చి కొన కాలుతుంది. ఊడదీసిన కొనలకి రబ్బరు మూతలు తప్పనిసరి.

లోహాలు: ఫ్రేము, పట్టీలు అన్నీ కోత, రంధ్రాలు, వెల్డింగ్ పూర్తయ్యాక హాట్ డిప్ గాల్వనైజ్ చేయించండి, 80 మైక్రాన్లు తగ్గకుండా. సైటు మీద కొత్త రంధ్రం చేస్తే అక్కడ జింక్ పోయినట్టే. తప్పకపోతే జింక్ రిచ్ పెయింటు రెండు కోట్లు. బోల్టులు ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) 316. తల మీద ఏ4-70 అని గుద్ది ఉంటుంది. ఏ2 అని ఉంటే 304, ఉప్పుకి సూదిమొన గుంటలు పడి, తుప్పు మరకలు కారతాయి. షాపులో అయస్కాంతం పెట్టి చూపిస్తే నమ్మకండి, 304 కూడా అయస్కాంతానికి పెద్దగా అంటదు. స్టీలు బోల్టు, స్టీలు నట్టు పొడిగా బిగిస్తే మరలు ఒకదాన్నొకటి కరిచి పట్టేస్తాయి, తర్వాత కోయడం తప్ప దారి లేదు. బిగించే ముందు యాంటీ సీజ్ పేస్టు రాయండి. అల్యూమినియం ఫ్రేముకి స్టీలు, జీఐ తగిలే ప్రతి చోటా ఈపీడీఎం రబ్బరు లేదా నైలాన్ వాషరు.

ఎర్తింగ్ ఒక్కదానికి మాత్రం లోహం లోహానికి తగలాలి కాబట్టి అక్కడ వాషరు కాకుండా తగరం పూత లగ్గు, స్టీలు స్టార్ వాషరు. ఉత్త రాగి తీగని అల్యూమినియానికి నేరుగా బిగిస్తే అల్యూమినియం తెల్ల పిండై రాలిపోతుంది. ఉప్పు నేలలో ఎర్త్ రెసిస్టెన్స్ తక్కువే వస్తుంది గానీ జీఐ పైపు త్వరగా కరుగుతుంది. రాగి పూత రాడ్డు, 3 మీటర్లది వేయండి. ప్యానెల్ వైపు డీసీ ఎస్‌పీడీ (పిడుగుల వల్ల ఎగిరే ఓల్టేజీని ఎర్త్‌కి మళ్లించేది), టైప్ 2, పెట్టెలోనే.

ప్యానెల్‌కి ఐఈసీ 61701 ఉప్పు పొగమంచు టెస్టు రిపోర్టు అడగండి. డేటా షీటులో టెస్టు పేరు రాసి ఉంటే చాలదు, ఏ తీవ్రతకి చేశారో రిపోర్టులో ఉంటుంది, అది చూడండి.

నిజాంపట్నం బోట్లు
బోటు గురించి అడిగారు కాబట్టి ఇది నా వంతు. షెడ్డు లెక్కలు బోటుకి అలాగే దించకూడదు. తమ్ముడిది ఇన్‌బోర్డ్ డీజిల్ ఇంజిను బోటు అనుకుని చెప్తున్నాను.

మొదటి సూత్రం: ఇంజిను స్టార్టింగ్ బ్యాటరీ వేరు, లైట్లు-వైర్‌లెస్ బ్యాటరీ వేరు. రాత్రంతా లైట్లు వాడి తెల్లారి ఇంజిను తిరగకపోతే నడిసముద్రంలో ప్రాణం మీదికి వస్తుంది. రెండింటి మధ్య చేతి స్విచ్చు పెట్టి నమ్మకండి, వేసిన స్విచ్చు తీయడం మర్చిపోతారు.

12 ఓల్టుల లోడు: వీహెచ్‌ఎఫ్ వైర్‌లెస్ సెట్టు ఊరికే వింటూ ఉంటే అర ఆంపియరు, రోజుకి 12 ఆంపియర్ అవర్లు. 25 వాట్లతో మాట్లాడేటప్పుడు 5-6 ఆంపియర్లు లాగుతుంది గానీ మాట్లాడేది కాసేపే. జీపీఎస్, ఎకో సౌండరు (నీటి లోతు చూపేది) కలిపి ఒక ఆంపియరు, 24. నావిగేషన్ లైట్లు ఎల్‌ఈడీ అయితే 7, వీల్‌హౌస్ లైట్లు 6. మొత్తం 50. ప్రభుత్వం ఇస్తున్న ట్రాన్స్‌పాండరు (బోటు ఎక్కడుందో తెలిపే పరికరం) ఉంటే దాని మీద రాసిన వాట్లు కలుపుకోండి. 600 వాట్ అవర్లకి 200 వాట్ల ప్యానెలు, 100 ఆంపియర్ అవర్ల లిథియం సరిపోతాయి. ఈ పెద్ద ఎల్‌ఈడీ బ్యాంకులతో చేపల్ని రప్పించే వేట 2017 నుంచి నిషేధం కాబట్టి ఆ లోడు లెక్కలోకే తీసుకోవద్దు.

100 వాట్లవి రెండు, పారలల్‌లో. బోటు మీద తాడు నీడో, నిలువు స్తంభం నీడో ఏదో ఒకదాని మీద ఎప్పుడూ పడుతుంది, సిరీస్ చేస్తే రెండూ పడిపోతాయి. వీల్‌హౌస్ పైకప్పుకి అంటించే వంగే ప్యానెళ్లు వద్దు. కింద గాలి ఆడక వేడికి త్వరగా పోతాయి. గాజు ప్యానెలు, కింద 3-4 సెంటీమీటర్ల ఖాళీ.

డైనమో నుంచి లిథియానికి నేరుగా వైరు ఇవ్వకండి. లిథియం ఎంత ఇస్తే అంత లాగుతుంది, డైనమో ఫుల్ లోడు మీద గంటల తరబడి నడిచి కాలుతుంది. పైగా బీఎంఎస్ మధ్యలో కట్ చేస్తే ఆ దెబ్బకి డైనమో డయోడ్లు పోతాయి. మధ్యలో 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జరు పెట్టి, డైనమోని స్టార్టింగ్ బ్యాటరీకే ఉంచండి.

వైరు మందం ఎంత ముఖ్యమో ఒక్క లెక్క: 12 ఓల్టులు, 10 ఆంపియర్లు, బ్యాటరీ నుంచి వీల్‌హౌస్‌కి 10 మీటర్లు. 4 స్క్వేరు (చదరపు మిల్లీమీటర్ల) వైరులో రానూపోనూ 0.92 ఓల్టు పోతుంది, 7 శాతం పైన. 10 స్క్వేరులో 0.37. సన్న వైరు మీద వీహెచ్‌ఎఫ్ వినడం బాగానే వినిపిస్తుంది, మాట్లాడటానికి బటన్ నొక్కగానే ఓల్టేజీ పడి ఆగిపోతుంది. సెట్టు పోయిందని మార్చేస్తారు, తప్పు వైరుది. బ్యాటరీ దగ్గర, సెట్టు వెనక, బటన్ నొక్కి ఉంచి రెండు చోట్లా మల్టీమీటరుతో కొలిస్తే తేడా తెలిసిపోతుంది.

పాతమేస్త్రి
బోటులో లెడ్ యాసిడ్ గురించి నేనే ఒక హెచ్చరిక చెప్పాలి. సముద్రపు నీళ్లు బ్యాటరీ సెల్స్‌లోకి పోతే యాసిడ్‌తో కలిసి క్లోరిన్ గ్యాసు వస్తుంది. ఇంజిను రూమ్ లాంటి మూసిన చోట అది ప్రాణాంతకం. లెడ్ యాసిడే వాడితే సీల్డ్ ఏజీఎం (యాసిడ్ ఒలకని రకం) తీసుకుని, అడుగు నీళ్లు చేరని ఎత్తులో, పట్టీలతో కదలకుండా కట్టండి.

ఇంకొకటి, మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. 61 రోజులు బోటు కట్టేసి ఉంటుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ వైరు ఊడదీయకుండా వదిలేస్తే ఆ వేసవికే సల్ఫేషన్‌తో పోతుంది. ప్యానెల్, కంట్రోలరు ఆన్‌లోనే ఉంచి మిగతా లోడంతా మెయిన్ స్విచ్చుతో ఆపాలి. లిథియం అయితే సగం ఛార్జి దగ్గర ఉంచి, ప్యానెలూ లోడూ రెండూ విడదీసి పెట్టొచ్చు. అందులో మాత్రం లిథియమే నయమని నేనూ అంటాను.

నిజాంపట్నం బోట్లు
మేస్త్రి అన్నా, మెయిన్ స్విచ్చు మాట తెచ్చారు కాబట్టి: బిల్జ్ (బోటు అడుగున చేరే నీళ్లు తోడే) పంపు ఫ్లోట్ స్విచ్చు మాత్రం మెయిన్ స్విచ్చుకి ముందే, సొంత ఫ్యూజుతో బ్యాటరీకి నేరుగా ఉండాలి. కట్టేసిన బోటులోకి ఊరే నీళ్లు తోడాల్సింది అదే.

ఆ పంపు వైరే ఇంకో ప్రమాదానికి మూలం. బిల్జ్ నీళ్లలో పాజిటివ్ జాయింటు మునిగి లీకేజీ అయితే ఆ కరెంటు షాఫ్టు, ప్రొపెల్లరు మీదుగా సముద్రంలోకి పోతుంది. మామూలు తుప్పుకి ఏళ్లు పడితే దీనికి రోజులు చాలు. పరీక్ష తేలిక: లోడులన్నీ, ప్యానెలూ ఆపి, బ్యాటరీ పాజిటివ్ వైరు ఊడదీసి, వైరుకీ టెర్మినల్‌కీ మధ్య మీటరు మిల్లీ ఆంపియర్లలో పెట్టండి. సున్నా రావాలి. ఏదైనా చూపిస్తే ఒక్కో సర్క్యూటు ఫ్యూజు తీస్తూ పోండి, ఏది తీస్తే సున్నా అవుతుందో తప్పు అందులో ఉంది. నెగటివ్‌కి బోటు బాడీనో ఇంజినునో వాడుకోవద్దు, ప్రతి లోడుకీ రెండు వైర్లు.

డీసీ వైర్లు రెండూ మెలిపెట్టి లాగండి, దిక్సూచికి మీటరు దూరంలో ఉంచండి. ఎంపీపీటీ వల్ల వీహెచ్‌ఎఫ్‌లో గరగర వస్తే కంట్రోలర్ వైర్లకి రెండు చివర్లా ఫెరైట్ క్లిప్పులు వేయండి.

చెరువుగట్టు
ఏరేటర్ల సంగతి ఎవరూ చెప్పలేదండి.

తీరగాలి
ఒక హెచ్‌పీవి నాలుగు, రాత్రి 10 గంటలు అనుకోండి. మోటారు నష్టాలతో కలిపి 3.5 నుంచి 4 కిలోవాట్లు, రాత్రికి 35-40 యూనిట్లు. మీ షెడ్డు బ్యాటరీ లాంటివి పదిహేను, ఇరవై కావాలి. ప్యానెలు 14 కిలోవాట్లు. అదీ ఎండ ఉన్న రోజుల లెక్క. మూడు రోజుల ముసురుకి సరిపడేలా పెట్టాలంటే ఇక అంతే లేదు. తుఫాను రాత్రి కోసమే అయితే ఆ డబ్బు పెట్టొద్దు. లైను, దాని వెనక డీజిల్ జనరేటరు, ఇదే సరైన దారి.

సోలార్ చేయాల్సిన పని వేరే ఉంది. చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువకి పడుతుంది. ఆ సమయంలో లైను పోయి ఏరేటర్లు ఆగితే ఎవరూ గమనించని గంట, రెండు గంటలే పంటని తీసేస్తాయి. కాబట్టి ఫేజు పోగానే ఫోన్‌కి కాల్ చేసే జీఎస్‌ఎం అలారంని ఈ 24 ఓల్టుల తప్పనిసరి సర్క్యూట్ మీద పెట్టండి. జనరేటరు స్టార్టింగ్ బ్యాటరీకి విడిగా 20 వాట్ల ప్యానెలు, చిన్న కంట్రోలరు ఇవ్వండి. నెలల తరబడి నడపని జనరేటరు అవసరానికి స్టార్ట్ కాకపోతే ముందు చూడాల్సింది ఆ బ్యాటరీనే. ఈ రెండూ మీ కెమెరాల కంటే ముఖ్యం.

నిర్వహణ కూడా చెప్పేస్తాను. ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి ప్యానెలు కడగండి, తెల్లవారక ముందు, గాజు చల్లగా ఉన్నప్పుడు. గట్టు మీది బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే ఉప్పు పొర మీద ఇంకో పొర. వాననీరో, ఆర్వో మంచినీళ్లో వాడండి. ప్యానెల్ ఫ్రేము మూలల్లో నీరు కారే చిన్న రంధ్రాలు మట్టితో మూసుకోకుండా చూడండి. బోల్టులు పెట్టిన నెలకి ఒకసారి, తర్వాత ఏటా సెప్టెంబరులో టార్క్ రెంచితో సరిచూడండి. మధ్యాహ్నం ఫుల్ ఎండలో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో ప్రతి జాయింటూ చూడండి. పక్కదాని కంటే 10 డిగ్రీలు ఎక్కువున్న జాయింటు వదులైపోయిందని గుర్తు.

లిథియం ఎంత మిగిలిందో ఓల్టేజీతో అంచనా వేయకండి. 30 శాతం దగ్గరా, 70 శాతం దగ్గరా ఓల్టేజీ దాదాపు ఒకటే. షంటు మీటరు (బ్యాటరీలోకి వచ్చి పోయే కరెంటుని లెక్కపెట్టేది) పెట్టుకోండి.

చెరువుగట్టు
అందరికీ చాలా థాంక్సండి. కొనే లిస్టు రాశాను: 330 వాట్ల ప్యానెళ్లు 2, 100/30 ఎంపీపీటీ, 25.6 ఓల్టులు 100 ఆంపియర్ అవర్లు, కెమెరాలకీ రౌటరుకీ 24 ఓల్టులని 12కి తగ్గించే కన్వర్టరు 10 ఆంపియర్లది, పాలీకార్బొనేట్ పెట్టె, బ్రీదరు, షంటు, ఎస్‌పీడీ, బ్యాటరీకి 60 ఆంపియర్ల కారు ఫ్యూజు, ప్యానెలు వైపు 32 ఆంపియర్ల మామూలు ఎంసీబీ. ఏమైనా తప్పుందా?

డీసీ వైరింగ్
చివరి రెండూ మార్చండి. లిథియం షార్ట్ అయితే వేల ఆంపియర్లు వస్తాయి, కారు బ్లేడు ఫ్యూజు అంత కరెంటుని ఆపలేదు, పేలినా లోపల ఆర్క్ నడుస్తూనే ఉంటుంది. 63 ఆంపియర్ల హెచ్‌ఆర్‌సీ (పెద్ద షార్ట్ కరెంటుని కూడా తెంచగల) ఫ్యూజు, బాడీ మీద డీసీ రేటింగ్ రాసి ఉన్నది తీసుకుని, బ్యాటరీ పాజిటివ్ నుంచి 18 సెంటీమీటర్ల లోపు పెట్టండి. అక్కడి నుంచి కంట్రోలరుకి 16 స్క్వేరు.

ప్యానెలు వైపు ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ వద్దు. ఏసీ సెకనుకి వంద సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి ఆర్క్ తనంతట ఆరిపోతుంది, డీసీ ఎప్పుడూ సున్నాకి రాదు. టూ పోల్ డీసీ ఎంసీబీ, 250 ఓల్టులు, 32 ఆంపియర్లు. దాని మీద ప్లస్, మైనస్ గుర్తులుంటే అది పోలరైజ్డ్ రకం, తిరగేసి కలిపితే ఆపినప్పుడు లోపలే కాలుతుంది. గుర్తులు లేని నాన్ పోలరైజ్డ్ దొరికితే అదే తీసుకోండి. పెట్టెలో ఎస్‌పీడీకి, ఎర్త్ బార్‌కి మధ్య వైరు అర మీటరు లోపు, మెలికలు లేకుండా నేరుగా ఉండాలి.